కరెంటు బండి ఇంటికొస్తోందా? కొనేముందు ఈ సంగతులు చదవండి

హోసూరు బస్టాండు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. చప్పుడు లేకుండా పక్కనుంచి జారిపోయే బండ్లు ఎన్ని పెరిగాయో మీకే తెలుస్తుంది. పచ్చ నంబరు ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే అది కరెంటు బండి. అయిదారేళ్ల కింద అలాంటిది వీధిలోకొస్తే పిల్లలు వెంటబడి చూసేవాళ్లు. ఇప్పుడు పాలు పోసే అన్న దగ్గరా ఉంది, మార్కెట్టుకి రోజాలు తెచ్చే రైతు దగ్గరా ఉంది, సిప్కాట్‌లో షిఫ్టుకు పోయే అక్క దగ్గరా ఉంది. సాయంత్రం మన బడి గేటు ముందు పిల్లలకోసం ఆగే బండ్లలో కూడా ఇవి ఎక్కువయ్యాయి.

దేశం మొత్తం మీద చూసినా ఇదే వరస. 2020-21లో రిజిస్టరైన కరెంటు ద్విచక్ర వాహనాలు 50 వేలు కూడా లేవు. 2024-25లో అవి 11 లక్షలు దాటాయి. అంటే ఆ ఏడు అమ్ముడైన నూరు బండ్లలో ఇంచుమించు ఆరు కరెంటువి. మిగతా తొంభై నాలుగూ పెట్రోలువే అనుకోండి, కానీ పెరుగుదల మాత్రం మామూలుది కాదు.

ఈ బండి మనకు పరాయిది కూడా కాదు. 1980లో టీవీఎస్ ఫిఫ్టీ మోపెడ్ మన హోసూరు ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది. మన తాతల తరంలో చాలామందికి మొదటి బండి అదే. అదే కంపెనీ 2020 జనవరిలో ఐక్యూబ్ అనే కరెంటు స్కూటరు తెచ్చింది. మద్రాసు ఐఐటీలో చదువుకున్న ఇద్దరు కుర్రాళ్లు తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ 2013లో మొదలుపెట్టిన ఏథర్ కంపెనీ 2018లో బెంగళూరులో మొదటి స్కూటరు అమ్మి, 2021 నాటికి ఫ్యాక్టరీని హోసూరుకు తెచ్చుకుంది. కృష్ణగిరి జిల్లాలోనే పోచంపల్లి దగ్గర 500 ఎకరాల్లో ఓలా ఫ్యాక్టరీ వచ్చింది. దాన్ని పూర్తిగా ఆడవాళ్లే నడుపుతారని ఆ కంపెనీ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. దేశంలో తిరిగే కరెంటు స్కూటర్లలో చాలా భాగం మన జిల్లా గాలి పీల్చి పోయినవే అంటే అబద్ధం కాదు. (ఈ పోచంపల్లి, చీరల పోచంపల్లి వేరువేరు. బంధువులు ఫోన్లో అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాం.)

ఇక అసలు విషయానికి వద్దాం. తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఖర్చు గురించి.

ఖర్చు లెక్క మీ ఇంటి లెక్కే

ఒక యూనిట్ కరెంటుకి మామూలు స్కూటరు, చార్జింగులో పోయే నష్టం కూడా కలుపుకుని, దాదాపు 28 కిలోమీటర్లు నడుస్తుందని వేసుకుందాం. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే ఇల్లయితే రెండు నెలలకు 1800 కిలోమీటర్లు. అంటే 64 యూనిట్లు. మన తమిళనాడులో బిల్లు రెండు నెలలకోసారి కదా, ఆ బిల్లు మీద 64 యూనిట్లు అదనంగా పడతాయి. యూనిట్ 8 రూపాయలనుకున్నా 512 రూపాయలు. అదే దూరానికి లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే పెట్రోలు బండికి 40 లీటర్లు కావాలి. లీటరు వంద లెక్కన 4000 రూపాయలు. తేడా రెండు నెలలకు మూడున్నర వేలు, ఏడాదికి 20 వేలకు పైమాట. బండి కొనేటప్పుడు పెట్రోలు బండికంటే ముప్పై నలభై వేలు ఎక్కువ పెట్టినా రెండేళ్లలో తిరిగొస్తుంది.

ఇది రోజూ 30 కిలోమీటర్లు తిరిగేవాళ్ల సంగతి. ఇల్లు బడికి కిలోమీటరున్నర దూరంలో ఉండి, మధ్యలో అంగడికి పోయిరావడం తప్ప వేరే తిరుగుడు లేనివాళ్లు రోజుకు ఆరు కిలోమీటర్లు కూడా నడపరు. వాళ్లకు మిగిలేది ఏడాదికి నాలుగు వేల చిల్లర. పెట్టిన అదనపు డబ్బు తిరిగిరావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది, అప్పటికి బ్యాటరీకి వయసు మీదపడుతుంది. ఉన్న పెట్రోలు బండి బాగానే నడుస్తుంటే, పక్కింటివాళ్లు కొన్నారని దాన్ని అమ్మేయడంలో అర్థం లేదు. అంత దగ్గరకు నడకే మేలు, లేదంటే సైకిలు.

ఇంకో మెలిక ఉంది. కరెంటు రేటు స్లాబుల ప్రకారం పోతుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. ఇంట్లో ఏసీ, మోటారు, గ్రైండరు ఉండి ఇప్పటికే స్లాబు అంచులో ఉన్నవాళ్లకు ఈ 64 యూనిట్లు పై స్లాబులోకి తోసేయొచ్చు. ఓ పాత బిల్లు చేతిలో పెట్టుకుని, అందులో 64 కలిపి చూసుకోండి. షోరూమువాళ్లు ఈ లెక్క చెప్పరు.

సబ్సిడీ ఆశ కూడా తగ్గించుకోవాలి. 2021 జూన్ నుంచి కేంద్రం ఫేమ్-2 పథకం కింద బ్యాటరీలో ప్రతి కిలోవాట్ అవరుకు 15 వేల రూపాయలిచ్చింది. 2023 జూన్‌లో అది 10 వేలకు దిగింది. 2024 ఏప్రిల్‌లో 5 వేలయింది. తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో రెండో ఏడాదికి ఇంకా సగమైంది. ఎవరైనా “మా ఫ్రెండుకి ముప్పై వేలు తగ్గించారు” అంటే అది ఏ సంవత్సరం మాటో అడగండి. జీఎస్టీ మాత్రం 2019 ఆగస్టు నుంచి 5 శాతమే.

షోరూములో రాసిపెట్టిన దూరం కూడా పూర్తిగా నమ్మొద్దు. అది పరీక్షా కేంద్రంలో, నిర్ణీత వేగంలో వచ్చిన అంకె. రోడ్డు మీద ఇద్దరెక్కి, ఎదురుగాలిలో, గుంతల్లో ఆగి ఆగి పోతే దానికి తక్కువే వస్తుంది. మనకు తోడు ఘాటు కూడా ఉంది. కృష్ణగిరి నుంచి హోసూరుకు వచ్చేటప్పుడు బండి సుమారు 350 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. పని, శక్తి పాఠం చదివిన పిల్లలు ఈ లెక్క ఇంట్లో వేసి చూపించొచ్చు. బండి, ఇద్దరు మనుషులు కలిపి 220 కిలోలనుకుంటే, దాన్ని గురుత్వ త్వరణం 9.8తో, ఎత్తు 350తో గుణిస్తే దాదాపు ఏడున్నర లక్షల జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ఎక్కడానికి మాత్రమే యూనిట్‌లో అయిదో వంతు, మోటారులో పోయే నష్టం కలిపితే పావు వంతు అదనంగా ఖర్చవుతుంది. పావు యూనిట్ అంటే చదును రోడ్డు మీద ఏడు కిలోమీటర్లు. దిగేటప్పుడు కొంత కరెంటు మోటారు ద్వారా బ్యాటరీకి తిరిగొస్తుంది, కానీ పెట్టినంతా రాదు. బ్యాటరీ సరిగ్గా యాభై కిలోమీటర్లకు సరిపోతుందని చూపిస్తుంటే కృష్ణగిరి నుంచి బయలుదేరకండి.

బ్యాటరీ ఎందుకు కాలుతుంది

2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చిన వార్తలు ఎవరూ మర్చిపోలేదు. మన వేలూరులో రాత్రి చార్జింగ్ పెట్టిన కొత్త బండికి నిప్పంటుకుని, పొగకు ఊపిరాడక ఓ తండ్రి, ఆయన కూతురు చనిపోయారు. ఆ తర్వాతి నెలలో నిజామాబాదులో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఓ పెద్దాయన, విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఓ వ్యక్తి ప్రాణాలు కోల్పోయారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ ఇళ్ల దగ్గరే, చార్జింగులో ఉండగానే జరిగాయి. రోడ్డు మీద పోతున్న బండి కాలితే దిగి దూరంగా పోవచ్చు. ఇంట్లో, అదీ నిద్రలో, ఆ అవకాశం ఉండదు.

బ్యాటరీ అంటే ఒక్కటి కాదు. పెట్టెలో చిన్న చిన్న లిథియం సెల్లులు వందల్లో ఉంటాయి. వాటిలో ఒకదానికి లోపల షార్టయితే వేడెక్కుతుంది. ఒక హద్దు దాటాక ఆ వేడి బయటినుంచి కరెంటు ఆపినా ఆగదు, లోపలి రసాయనాలే వేడిని పుట్టిస్తుంటాయి. ఆ వేడి పక్క సెల్లుకి, దాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. దీన్ని కనిపెట్టి ముందే చార్జింగు ఆపేయడానికి బీఎంఎస్ అనే కాపలా సర్క్యూటు పెడతారు. అది నాసిరకమైతే, లేదా సెల్లులే నాసిరకమైతే, ప్రమాదం. ఆ వేసవి తర్వాత కేంద్రం ఏఐఎస్-156 అనే భద్రతా నియమాలను గట్టిపరిచింది. అవి 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి ఆఖరున రెండో విడత అమల్లోకి వచ్చాయి. మీరు సెకండ్ హ్యాండ్ బండి చూస్తుంటే, తయారైన నెల ఆర్సీలో చూసి, 2023 ఏప్రిల్ తర్వాతిదైతేనే ముందుకు పోండి. పాతది అగ్గువకు వస్తోందంటే అందుకు ఓ కారణం ఉంటుంది.

మిగతాది మన చేతిలో ఉంది. ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే ప్లగ్గు పెట్టకండి, అరగంటో గంటో చల్లారనివ్వండి. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడండి, పోయిందని బజారులో ఏదో ఒకటి తెచ్చి తగిలించకండి. ఎర్తింగు ఉన్న పెద్ద మూడుపిన్నుల సాకెట్టు, దానికి సరిపడా వైరు ఉండాలి. పాత మిద్దెల్లో చాలాచోట్ల ఎర్తు అసలు ఉండదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోండి, అదేం పెద్ద ఖర్చు కాదు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు మూడో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వేలాడదీసి చార్జింగ్ పెట్టడం మన వీధుల్లోనే కనబడుతోంది. వానొస్తే అది బండికే కాదు, కింద నడిచే పిల్లలకు కూడా గండం. ఇంటి ఓనరుతో మాట్లాడి కింద సబ్‌మీటరుతో ఓ సాకెట్టు పెట్టించుకోండి. అది కుదరకపోతే బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకునే రకం బండి చూడండి, కానీ అప్పుడు కూడా పడకగదిలో వద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఇంటికి ఒకే వాకిలి ఉంటే ఆ వాకిట్లో రాత్రి చార్జింగ్ పెట్టకండి. నిప్పు పుడితే బయటికి పోయే దారే మూసుకుపోతుంది. ఎప్పుడైనా బ్యాటరీ నుంచి పొగ, తీయటి వాసనలాంటిది, బుస్సుమనే చప్పుడు వస్తే, దాన్ని కాపాడాలని దగ్గరికి పోవద్దు. వీలైతే మెయిన్ ఆపి, అందరూ బయటికి వచ్చి 101కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. ఆ పొగ విషం. ఈ ఒక్క మాట ఇంట్లో అవ్వతాతలకు కూడా చెప్పి ఉంచండి, పగలు ఇంట్లో ఉండేది వాళ్లే.

లైసెన్సు లేని బండి, పిల్లల చేతికి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. పదో తరగతి, పదకొండో తరగతి పిల్లలు కొందరు కరెంటు స్కూటర్ల మీద బడికి వస్తున్నారు. అడిగితే “సార్, దీనికి లైసెన్సు అక్కర్లేదు” అంటున్నారు. ఆ మాటలో సగమే నిజం.

చట్టం చెప్పేది ఇది. మోటారు శక్తి 250 వాట్లకు లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, పూణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదం పొందిన బండిని మోటారు వాహనంగా లెక్కపెట్టరు. దానికి రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సు లేదు. ఈ రెండు హద్దుల్లో ఏ ఒక్కటి దాటినా అది పూర్తి మోటారు వాహనమే. నంబరు ప్లేటు, ఇన్సూరెన్సు, 18 ఏళ్లు నిండినవాళ్ల లైసెన్సు అన్నీ కావాలి. 16 ఏళ్లకే లైసెన్సు ఇవ్వొచ్చని చట్టంలో ఉన్నది 50 సీసీ లోపు గేరు లేని బండ్ల గురించి. ఆ మాట పట్టుకుని పెద్ద కరెంటు స్కూటరు పిల్లలకు ఇవ్వకండి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, 25 కిలోమీటర్ల బండి కొన్న వారానికే పిల్లవాడికి అది చాలదు. సైకిలు మీద స్నేహితుడు దాటిపోతుంటాడు. అంగడిలోనో, రోడ్డుపక్క మెకానిక్ దగ్గరో ఓ వైరు తీయిస్తే బండి 40, 45 పోతుంది. కొన్నిచోట్ల అమ్మేటప్పుడే “లాక్ తీసిస్తాం” అని చెప్పి అమ్ముతారు. ఆ వైరు తీసిన క్షణం నుంచి మీ అబ్బాయి నడిపేది రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం. బండి పెట్టెమీద ఏం రాసుందనేది పోలీసులకు అక్కర్లేదు.

2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 199ఏ అనే సెక్షను చేర్చారు. మైనరు మోటారు వాహనం నడిపి నేరం చేస్తే శిక్ష పడేది తల్లిదండ్రులకో, బండి యజమానికో. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తమకు తెలియకుండా జరిగిందని నిరూపించుకుంటే పెద్దలు బయటపడొచ్చు, కానీ రోజూ ఉదయం తాళం చేతికిచ్చి పంపేవాళ్లు ఆ మాట ఎలా అంటారు? మన పిల్లల్లో చాలామంది డిప్లొమా, ఐటీఐ చేసి కంపెనీల్లో చేరాలనుకునేవాళ్లు. 25 ఏళ్ల దాకా లైసెన్సు లేకపోవడం ఎంత ఇబ్బందో ఆలోచించండి.

జరిమానాకంటే పెద్దది ఇంకోటుంది. ఆ బండి ఓ ముసలాయనకు తగిలి ఆయన కాలు విరిగిందనుకోండి. ఇన్సూరెన్సు ఉన్న బండికైతే కంపెనీ కడుతుంది. లేనిదానికి నష్టపరిహారం మీ జేబులోంచి పోతుంది. ఒక ఇల్లు అప్పుల్లో మునగడానికి అదొక్కటి చాలు.

మరి వైరు తీయని, నిఖార్సయిన 25 కిలోమీటర్ల బండి సంగతి? చట్టం అడ్డు చెప్పదు. బడి మాత్రం పదో తరగతి లోపు పిల్లలకు వద్దనే చెబుతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో పోయి గోడకు కొట్టుకోవడం, ఎనిమిది అడుగుల ఎత్తునుంచి కింద పడటం రెండూ ఒకటే దెబ్బ. అదే 45 అయితే ఇరవై ఆరు అడుగులు, అంటే రెండంతస్తుల మిద్దె పైనుంచి. చట్టప్రకారం ఈ చిన్న బండికి హెల్మెట్ అక్కర్లేకపోవచ్చు, తలకు ఆ తేడా తెలీదు. పదకొండో తరగతిలో సర్కారు ఇచ్చే సైకిలు షెడ్డులో దుమ్ము పట్టి ఉండగా, మూడు కిలోమీటర్ల దూరానికి అరవై డెబ్బై వేలు పెట్టి బండి ఎందుకో కూడా ఓసారి ఇంట్లో మాట్లాడుకోండి.

పెద్దలు నడిపే బండ్ల గురించి కూడా ఒక హెచ్చరిక. ఈ బండికి ఇంజను చప్పుడు లేదు కాబట్టి ఆన్‌లో ఉందో లేదో చూసి తెలుసుకోవాల్సిందే. గేటు దగ్గర నిలబడి అమ్మానాన్నలు మాట్లాడుతుంటారు, ముందు నిలబడ్డ చిన్నపిల్ల ఆటగా యాక్సిలరేటరు తిప్పుతుంది. పెట్రోలు బండిలా గుర్రుమనదు, ఉన్నపాటున ముందుకు దూకుతుంది. కరెంటు మోటారు మొదటి క్షణంలోనే పూర్తి బలం చూపిస్తుంది, అదే దాని గుణం. ఆగిన వెంటనే తాళం తిప్పి తీసేయండి, పిల్లను ముందు నిలబెట్టుకోకండి. నడిచిపోయే పిల్లలు కూడా చెవుల్ని నమ్మి రోడ్డు దాటకూడదు, తల తిప్పి చూడాలి. రెండో తరగతి నుంచీ ఇది ప్రార్థన సమయంలో చెబుతున్నాం.

చివరగా ఓ మాట, ఇది కొనేవాళ్లకు కాదు. మన బడి పిల్లల ఇళ్లలో ఎంతోమంది నాన్నలు సిడ్కో, సిప్కాట్ షెడ్లలో లేతు మీద పనిచేస్తారు. పిస్టను పిన్నులు, క్లచ్ ప్లేట్లు, గేరు చక్రాలు తయారుచేసే చిన్న యూనిట్లు ఎన్నో ఉన్నాయి. కరెంటు బండిలో పిస్టను లేదు, క్లచ్ లేదు, కార్బొరేటరు లేదు, ఇంజనాయిలు లేదు. వీధి చివర మెకానిక్ అన్నకు కూడా ఇదే దిగులు. రేపే పని పోతుందని కాదు, 2024-25లో అమ్ముడైనవాటిలో కూడా నూటికి తొంభై నాలుగు పెట్రోలు బండ్లే. బ్రేకులు, టైర్లు, బేరింగులు, సస్పెన్షన్ అన్నిటికీ కావాల్సిందే. కానీ ఐటీఐలో ఇప్పుడు చేరే పిల్లవాడు మోటారు, కంట్రోలరు, బ్యాటరీ ప్యాకు, వైరింగు నేర్చుకోకుండా ఫిట్టరు పని ఒక్కటే నేర్చుకుంటే పదేళ్ల తర్వాత ఇబ్బంది పడతాడు. పన్నెండో తరగతి తర్వాత ఏం చదవాలని అడగడానికి వచ్చేవాళ్లు, కోర్సులో ఈ విషయాలు ఉన్నాయో లేదో చూసుకుని చేరండి. మా దగ్గరికొస్తే పాఠ్యప్రణాళిక కలిసి చదువుదాం.

బడికి సంబంధించి: ఆవరణలో ఏ సాకెట్టు దగ్గరా బండికి గానీ ఊడదీసిన బ్యాటరీకి గానీ చార్జింగ్ పెట్టకూడదు. పచ్చ ప్లేటు బండ్లను సైకిలు షెడ్డులో కాకుండా గేటు పక్క ఖాళీ స్థలంలో నిలపాలి. బండి వెనక కూర్చుని వచ్చే పిల్లలకు, నాలుగేళ్లు దాటినవాళ్లందరికీ హెల్మెట్ తప్పనిసరి. మోసుకు తిరగడం కష్టమంటున్నారు కాబట్టి, పేరు రాసి ఇస్తే ఆఫీసు గది అలమరాలో సాయంత్రం దాకా ఉంచుతాం.